సూది చేతిలో ఉంది, చెయ్యి కదలడం లేదు

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. నాకు 58 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎడమ తుంటి కీలు అరిగిపోయిందని ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. ఐదో రోజున డిశ్చార్జి చేస్తూ, రక్తం గడ్డకట్టకుండా రోజుకొకటి చొప్పున 28 రోజులు పొట్టలో వేసుకోమని ఇంజెక్షన్లు ఇచ్చారు. ముందే మందు నింపి ఉన్న చిన్న సిరంజీలు. ఎనోక్సపారిన్ 40 మిల్లీగ్రాములు అని ఉంది. వార్డులో సిస్టర్ ఒకసారి చూపించి "ఇంతే అమ్మా, మీరే వేసుకోవచ్చు" అంది. ఇంటికొచ్చాక మా ఊరి ఆర్‌ఎంపీ గారు తొమ్మిది రోజులు వచ్చి వేశారు. తర్వాత ఆయన కూతురి పెళ్ళి పనుల మీద ఊరెళ్ళారు. మా వారికి 67, చేతులు వణుకుతాయి, చూపు సరిగ్గా ఆనదు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. నేనే వేసుకుందామని రెండు రోజులు ప్రయత్నించాను. మూత తీసి పొట్ట దాకా తీసుకెళ్తాను, అక్కడ చెయ్యి ఆగిపోతుంది. ఒళ్ళంతా చెమటలు. నిన్నయితే కళ్ళు బైర్లు కమ్మి మంచం మీద వెనక్కి ఒరిగిపోయాను. ఆ రెండు రోజులూ ఇంజెక్షన్ పడలేదు. పొట్ట మీద ఇప్పటికే నీలం మచ్చలు లేచాయి. వాకర్ పట్టుకుని బాగానే నడుస్తున్నాను కదా, ఇక మానేస్తే ఏమవుతుంది? బదులు మాత్రలు లేవా? సిరంజిలో గాలి బుడగ ఉంది, అది లోపలికి పోతే ప్రాణానికే ముప్పని మా ఆడపడుచు అంటోంది. ఇది పంది నుంచి తీసే మందని కూడా తనే చెప్పింది. మేం మాంసం ముట్టం. అబ్బాయి వీడియో కాల్‌లో ఉండి వేయిస్తానంటున్నాడు, నాకే సిగ్గుగా ఉంది. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, ఇంత ఆపరేషన్ తట్టుకున్నదాన్ని, ఈ చిన్న సూదికి భయపడుతున్నానంటే నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.
ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరం చేరిన పూటే మీకు విడిగా రెండు ముక్కలు రాశాను. ముందు ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి ఫోన్ చేసి రెండు డోసులు తప్పాయని చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం అని. మీరు చేశారు. ఆ సాయంత్రమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అక్కడి నర్సు చేత వేయించుకున్నారు. సంతోషం. ఇంకా పదహారు రోజులున్నాయి, ఆ పదహారూ మీ చేత్తోనే వేసుకోవాల్సి రావచ్చు. అందుకే ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను.

ఒక చిన్న విషయం మర్చిపోకముందే చెప్తాను. మూత తీసి, వేసుకోలేక వదిలేసిన ఆ రెండు సిరంజీలను మళ్ళీ మూత పెట్టి పెట్టెలో దాచారేమో చూడండి. ఖరీదైన మందు, పారెయ్యబుద్ధి కాదు, నాకు తెలుసు. కానీ మూత తీసిన సూది ఇక శుభ్రమైన సూది కాదు. అవి పక్కన పెట్టెయ్యండి.

డోసు తప్పితే ఏం చెయ్యాలో ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళకీ పనికొస్తుంది. మర్చిపోయిన సంగతి ఆ రోజే గుర్తొస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తెల్లారిపోతే మాత్రం నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు వేసుకోకూడదు. ఆసుపత్రికి ఫోన్ చేసి అడగాలి. తిడతారని దాచొద్దు.

ఇక "బాగానే నడుస్తున్నాను కదా" అన్న మాట. ఈ మాట నేను వార్డుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కాలి సిరలో గడ్డ కట్టడానికి మూడు కారణాలని నర్సింగ్ చదివే పిల్లలు జర్మన్ డాక్టరు విర్కో పేరు మీద ఇప్పటికీ బట్టీ పడతారు: రక్తం నెమ్మదిగా పారడం, రక్తనాళం గోడ నలగడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. తుంటి ఆపరేషన్‌లో ఈ మూడూ ఒకేసారి వచ్చి కూర్చుంటాయి. మంచం మీద ఉంటారు కాబట్టి కాళ్ళలో రక్తం మందగిస్తుంది. కీలు మార్చేటప్పుడు తొడను తిప్పుతారు కాబట్టి అక్కడి సిర నలుగుతుంది. గాయం మాన్పుకోవడానికి శరీరమే రక్తాన్ని త్వరగా గడ్డకట్టేటట్టు సిద్ధం చేసుకుంటుంది. మీరు వాకర్‌తో నడవడం వల్ల మొదటిది తగ్గుతుంది. మిగతా రెండూ కుట్లు విప్పగానే పోయేవి కావు, వారాల తరబడి ఉంటాయి. తుంటి మార్పిడి తర్వాత గడ్డలు చాలావరకు ఇంటికొచ్చాకే బయటపడతాయి. అందుకే ఈ మందును నాలుగైదు వారాలు, అంటే 28 నుంచి 35 రోజుల దాకా రాస్తారు. కాలిలో కట్టిన గడ్డ అక్కడే ఉంటే వాపూ నొప్పీ. ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మాత్రం మనిషి క్షణాల్లో కూలిపోవచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. సూదికీ గడ్డకీ మధ్య ఏ భయానికి ఎక్కువ విలువ ఇవ్వాలో మీరే తూచుకుంటారని.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మీది పిరికితనం కాదు. ముప్పై రెండేళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని చెప్తున్నాను. 2014లో నాకు గర్భసంచి తీసేశారు. ఇవే ఇంజెక్షన్లు పది రోజులు వేసుకోమని చేతికిచ్చారు. ఎలా వేసుకోవాలో ఒక్క మాట చెప్పలేదు. "మీకు తెలియనిదేముంది మేడమ్" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. మొదటి రోజు ఏడు గంటలకి మంచం మీద కూర్చున్నాను. సీరియల్ అయిపోయింది, వార్తలు అయిపోయాయి, మా ఆయన రెండుసార్లు వచ్చి అన్నం చల్లారిపోతోందని చెప్పి వెళ్ళారు. వేలమందికి వేసిన చెయ్యి నా పొట్టకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఎవరో వెనక నుంచి మణికట్టు పట్టుకున్నట్టే ఉంది. తొమ్మిదీ నలభైకి, ఇక ఆకలికి తట్టుకోలేక, వేసుకున్నాను. సూది లోపల ఉన్నది అర నిమిషం. దాని ముందు నేను పడిన యాతన రెండు గంటల నలభై నిమిషాలు.

మనిషి తన ఒంట్లో తానే సూది గుచ్చుకోబోతే చెయ్యి వెనక్కి లాగడం శరీరం మనల్ని కాపాడుకునే పద్ధతి. కత్తిపీట మీద వేలు జారితే ఠక్కున లాగేసుకుంటాం చూడండి, ఇదీ అలాంటిదే. కాబట్టి మనసుకు నచ్చజెప్పి, ధైర్యం వచ్చాక వేసుకుందామని కూర్చుంటే అది రాదు. కూర్చున్న కొద్దీ దడ పెరుగుతుంది. రెండో రోజు నుంచి నేను ఒకటే చేశాను. రాత్రి ఎనిమిదికి, కుక్కర్ ఆపిన వెంటనే, వేరే పనేదీ పెట్టుకోకుండా నేరుగా మంచం దగ్గరికి. సామాను అంతకు ముందే సర్ది ఉంటుంది. మూత తీశాక మూడు అంకెలు లెక్కపెట్టడం, మూడు దగ్గర గుచ్చడం. నాలుగో అంకె లేదు. మొదట్లో మీకు ఒకటి రెండు రోజులు మూడు దగ్గర ఆగిపోవచ్చు. అలా ఆగితే చెయ్యి దించి, ఒక్కసారి ఊపిరి వదిలి, మళ్ళీ ఒకటి నుంచి. అంతేగాని సిరంజి చేత్తో పట్టుకుని ఆలోచిస్తూ కూర్చోవద్దు.

మీ విషయంలో ఇంకొకటి ఉంది, కళ్ళు బైర్లు కమ్మడం. ఇది మామూలు టెన్షన్‌కి భిన్నం. పామును చూసి భయపడితే గుండె దడదడ కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది, పెరిగే ఉంటుంది. సూదికీ నెత్తురుకీ భయపడే కొందరిలో మాత్రం బీపీ ముందు కాస్త పెరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది, గుండె వేగం కూడా తగ్గుతుంది. మెదడుకి రక్తం చాలక కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఇది కుటుంబాల్లో వస్తుంది. మీ అమ్మగారో, అన్నదమ్ములో ఎవరైనా రక్తపరీక్షకి వెళ్ళి కుర్చీలోంచి జారిపోయారేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందరూ చెప్పే "గట్టిగా ఊపిరి పీల్చి ఒళ్ళు వదులు చెయ్యి" అన్న సలహా ఇలాంటివాళ్ళకి సరిగ్గా పనిచెయ్యదు. ఒళ్ళు వదిలితే బీపీ ఇంకా కిందికి పోతుంది. 1980లలో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్-యోరాన్ ఓస్ట్ దీనికి తిరకాసు ఉపాయం ఒకటి నేర్పాడు: ఒళ్ళు వదలడం కాదు, బిగించడం.

చేసే తీరు ఇది. సూది మూత తియ్యకముందే, వెనక్కి ఆనుకుని, రెండు పిడికిళ్ళూ బిగించి, చేతులు మొత్తం బిగబట్టండి. ఆపరేషన్ కాని కుడి కాలి కండరాలు కూడా. ఎడమ కాలు జోలికి పోవద్దు. ముఖం కాస్త వెచ్చబడినట్టు అనిపించేదాకా, పది పదిహేను సెకన్లు. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు, అది ఆడుతూనే ఉండాలి. తర్వాత ఇరవై ముప్పై సెకన్లు మామూలుగా ఉండండి, పూర్తిగా సోలిపోకుండా. ఇలా ఐదుసార్లు. అప్పుడు పొట్ట కండరం వదులుగా పెట్టుకుని సూది వేసుకోండి. గుండె జబ్బుగానీ అదుపులో లేని బీపీగానీ ఉన్నవాళ్ళు ఇది చేసే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇప్పుడు ఎక్కడ, ఎలా. వార్డులో మీకు కుర్చీలో కూర్చోబెట్టి చూపించారో ఏమో తెలియదుగానీ, కొత్త తుంటితో పొట్ట మీదికి ముందుకు వంగి కూర్చోవడం మంచిది కాదు. తుంటి దగ్గర తొంభై డిగ్రీలు మించి వంగొద్దని, కాలు మీద కాలు వెయ్యొద్దని, పీట మీద కూర్చోవద్దని మీకు చెప్పే ఉంటారు. కాబట్టి మంచం మీదే వీపు వెనక రెండు మూడు దిళ్ళు పెట్టుకుని సగం పడుకున్నట్టు వాలండి. దీనివల్ల మూడు లాభాలు: తుంటికి ఇబ్బంది లేదు, పొట్ట చర్మం వదులుగా చేతికి అందుతుంది, ఒకవేళ కళ్ళు తిరిగినా పడేది దిండు మీదే. సిరంజి జారి కింద పడితే వంగి తియ్యకండి. అదే నా అసలు భయం. మీ వారిని పిలవండి, ఆయన్ని కూడా చెప్పులు వేసుకుని రమ్మనండి.

సబ్బుతో చేతులు కడుక్కున్నాక పొట్ట చూసుకోండి. బొడ్డు చుట్టూ మూడు వేళ్ళ వెడల్పు, అంటే రెండంగుళాలు వదిలెయ్యండి. అక్కడి నుంచి పక్కలకి, నడుము వైపు, కాస్త కండపట్టి మెత్తగా ఉన్నచోటు మన చోటు. లంగా బొందు బిగిసే గీత మీద వద్దు, రోజంతా అది ఒరుసుకుని ఆ చోటు ఇంకా కమిలిపోతుంది. నీలం మచ్చ మీద, గట్టిగా తగిలే చోట, పాత ఆపరేషన్ గీత పక్కన కూడా వద్దు. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. మీ కేలండర్‌లో ఆ రోజు గడిలో "కు" అనో "ఎ" అనో రాసుకుంటే ఇవాళ వేసుకున్నానా లేదా అన్న గొడవ కూడా ఉండదు.

స్పిరిట్ దూదితో తుడిచాక ఆరనివ్వండి. తడి మీద గుచ్చితే సూది కంటే స్పిరిట్టే ఎక్కువ మండుతుంది. కావాలంటే దానికి ముందు ఒక పలచటి గుడ్డలో ఐసు ముక్క చుట్టి రెండు నిమిషాలు ఆనించండి, చర్మం కొంచెం మొద్దుబారుతుంది. మూతను తిప్పకుండా నేరుగా లాగండి, తిప్పితే సూది వంగుతుంది. ఎడమ చేతి బొటనవేలితోనూ చూపుడువేలితోనూ చర్మాన్ని మెల్లగా మడతలా ఎత్తి పట్టుకోండి. గిచ్చినట్టు కాదు, పూరీ పిండి ముద్ద తీసుకున్నట్టు. సిరంజిని పెన్సిల్‌లా పట్టుకుని, నిటారుగా, ఒక్క ఊపున, సూది మొత్తం లోపలికి. ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఉంది. భయంతో నెమ్మదిగా, కొంచెం కొంచెంగా దించుతారు. నెమ్మదిగా దింపితేనే నొప్పి. గుచ్చడం చురుగ్గా ఉండాలి, మందు ఎక్కించడం నిదానంగా ఉండాలి. ఇరవై, ముప్పై అంకెలు లెక్కపెడుతూ వెనక నుంచి నొక్కుతూ పోండి. మందు లోపలికి పోతున్నప్పుడు కాస్త మండుతుంది, అది ఈ మందు తీరు. మడత మాత్రం చివరిదాకా వదలొద్దు. అంతా అయ్యాక సూదిని వచ్చిన దారినే నేరుగా లాగేసి, అప్పుడు వదలండి.

తర్వాత రుద్దకండి. మనకి చిన్నప్పటి నుంచి సూది వేయించుకోగానే రుద్దే అలవాటు, అమ్మలు రుద్దుతారు, కాంపౌండర్లు రుద్దుతారు. ఈ మందుకి అది పనికిరాదు. రక్తాన్ని పలచగా ఉంచే మందు కదా, రుద్దితే చర్మం కింద సన్నటి నాళాలు చిట్లి నీలం మచ్చ పెద్దదవుతుంది. మీ ఆర్‌ఎంపీ గారు తొమ్మిది రోజులూ రుద్దే ఉంటారని నా అనుమానం. పొడి దూది పెట్టి మెల్లగా అదిమి ఉంచండి, చాలు. మచ్చల మీద వేడి కాపడం కూడా వద్దు. రూపాయి బిళ్ళంత, ఇంకా కొంచెం పెద్దదిగా నీలమో పసుపో మచ్చలు రావడం మామూలే, వాటంతట అవే పోతాయి. ఏదైనా మచ్చ రోజురోజుకీ పెరిగి అరచేయంత అయినా, గట్టి ముద్దలా ఉబ్బినా, చీము పట్టినట్టు వేడిగా ఎర్రగా ఉన్నా చూపించండి.

పక్కన పెట్టిన ఆ రెండు సిరంజీల్లో ఒకదాని సూదిని ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి, దూరం నుంచి. అరంగుళం పొడవు, 27 గేజ్. సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సన్నం. పిరుదుకి వేసే ఇంజెక్షన్లకి 22, 23 వాడతారు. మీరు ఆపరేషన్‌కి ముందు చేతికి పెట్టించుకున్న సెలైన్ సూది ముందు ఇదొక వెంట్రుక. ఒకసారి గుచ్చడం అలవాటు కావాలంటే, మెడికల్ షాపులో ఒక్క ఇన్సులిన్ సిరంజి కొనుక్కుని, బత్తాయి పండు మీద నాలుగైదుసార్లు గుచ్చి చూడండి. మేం నర్సింగ్‌లో చేరిన కొత్తలో అలాగే నేర్చుకున్నాం. ఆ పండు మాత్రం తినకండి. మీ వీధిలో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు వేసుకునే వేళకి వెళ్ళి పక్కన కూర్చుని చూసినా మంచిదే. ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటూ, టీవీ చూసుకుంటూ వేసుకుంటారు వాళ్ళు.

మీ ఆడపడుచు గారి రెండు మాటల్లో ఒకటి తప్పు, ఒకటి నిజం.

గాలి బుడగ సంగతి తప్పు. ప్రాణం మీదికి తెచ్చేది పెద్ద మొత్తంలో గాలి నేరుగా రక్తనాళంలోకి పోతేనే. మీరు వేసుకునేది చర్మం కింది కొవ్వులోకి, ఆ బుడగ ఎంత, పెసరగింజంత. దాన్ని కంపెనీవాళ్ళు కావాలనే ఉంచుతారు. సూది కిందికి చూస్తూ ఉంటే బుడగ పైకి తేలి, చివర్లో మిగిలిన మందు చుక్కను కూడా లోపలికి తోస్తుంది. బుడగ తియ్యబోయి మందు ఒలకబోస్తే డోసు తగ్గుతుంది, సూది కొనకి అంటిన చుక్క వల్ల మచ్చా పెరుగుతుంది. కాబట్టి దాని జోలికి పోవద్దు. ఇది మీలా సిరంజిలో ఉన్న మందు మొత్తం వేసుకునేవాళ్ళకి. సగం మందే వెయ్యమని రాసి ఉంటే కొలత మారుతుంది, అప్పుడు నర్సు దగ్గర నేర్చుకోవాలి. ఆర్‌ఎంపీలు కొందరు గుచ్చాక వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూస్తారు, ఇందులో అదీ అక్కర్లేదు.

పంది మాట మాత్రం నిజం. ఈ మందుకి మూలం హెపారిన్. 1916లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, దానికి పూర్తిగా ఎదురు పనిచేసేదాన్ని కుక్క కాలేయంలో కనిపెట్టాడు. గ్రీకులో కాలేయాన్ని హెపార్ అంటారు, పేరు అలా వచ్చింది. ఇప్పుడు పంది పేగుల లోపలి పొర నుంచి తీసి, శుద్ధి చేసి, చిన్న ముక్కలుగా విడగొట్టి ఎనోక్సపారిన్ చేస్తారు. మీ మనసు ఒప్పకపోతే అందులో తప్పేమీ లేదు, డాక్టరు గారితో నేరుగా ఆ మాటే చెప్పండి. ఆయన దీన్ని కొత్తగా వినరు, ముస్లిం పేషెంట్లూ అడుగుతారు. పూర్తిగా ప్రయోగశాలలో తయారయ్యే ఫాండాపారినక్స్ అని ఒకటుంది, కాకపోతే అదీ ఇంజెక్షనే. చెప్పకుండా మానేయడం మాత్రం పరిష్కారం కాదు.

మాత్రలు కూడా ఉన్నాయి. రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటివి తుంటి, మోకాలి మార్పిడుల తర్వాత చాలాచోట్ల ఇస్తున్నారు. మీకు ఇంజెక్షనే ఎందుకు రాశారో, మూత్రపిండాల రిపోర్టు చూసి రాశారో, మీరు వేసుకునే ఇంకో మందు వల్ల రాశారో, అది ఆయనకే తెలుస్తుంది. "నా చేత్తో వేసుకోలేకపోతున్నాను, రెండు రోజులు తప్పాను, మాత్రకి మార్చే వీలుందా" అని అడిగితే డాక్టరుకి అది ఉపయోగపడే సమాచారం. నేనైతే ఆ ఫోనే ముందు చేసేదాన్ని. మందుల షాపులో అడిగి మీ అంతట మీరు మార్చుకోవద్దు, రెండూ కలిపి అసలే వద్దు.

ఈ పదహారు రోజులూ జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది, ఇది మన ఊళ్ళలో మరీ ముఖ్యం. తుంటి నొప్పిగా ఉందనగానే పెళ్ళి నుంచి తిరిగొచ్చిన ఆర్‌ఎంపీ గారు ఒక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పిరుదుకి పొడిచేస్తారు. ఈ మందు మీద ఉండగా అది వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. పైగా కండలోకి వేసిన ఇంజెక్షన్ దగ్గర లోపల రక్తం చేరి గడ్డలా ఉబ్బొచ్చు. డిశ్చార్జి కాగితంలో రాసిన నొప్పి మాత్రలు తప్ప ఇంకేవీ వద్దు. గుండెకని ముందు నుంచే ఆస్పిరిన్ వాడుతుంటే అది సర్జన్‌కి తెలుసో లేదో కనుక్కోండి. పన్ను పీకించుకోవడం లాంటి పనులు వాయిదా వెయ్యండి.

పొట్ట మీద మచ్చలు కాదు మనం చూడాల్సింది. ఆపరేషన్ గాయం నుంచి రక్తం ఆగకుండా కారడం, నల్లగా తారులాంటి విరోచనం, మూత్రంలో ఎరుపు, ముక్కు నుంచి రక్తం ఆగకపోవడం, పడిపోయి తలకి దెబ్బ తగలడం, వీటిలో ఏదైనా ఉంటే ఆ పూటే ఆసుపత్రికి. తలకి దెబ్బ తగిలితే బయటికి ఏమీ కనబడకపోయినా సరే. పిక్కలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి వేడిగా ఉండటం గడ్డ గుర్తులు, వాటికీ అదే రోజు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడుస్తున్నట్టు నొప్పి, దగ్గితే రక్తం అయితే ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చెయ్యండి. అరుదుగా ఈ మందు వల్ల ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎక్కువగా మొదలుపెట్టిన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య. రక్తపరీక్ష రాసి ఉంటే బద్ధకించకుండా చేయించుకోండి.

సిరంజీలు ఎక్కడ పెట్టారు? ఇన్సులిన్ చూసిన అలవాటుతో చాలామంది ఫ్రిజ్‌లో తోసేస్తారు. దీనికి ఫ్రిజ్ అక్కర్లేదు, ఫ్రీజర్ అసలే పనికిరాదు. పెట్టె మీద ఎంత వేడి మించకూడదో రాసి ఉంటుంది, సాధారణంగా 25 డిగ్రీలని ఉంటుంది. పొయ్యి గట్టు పక్కన, కిటికీ ఎండలో కాకుండా ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది చూసుకోండి.

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టొద్దు, వేలికి గుచ్చుకునేది ఎక్కువగా అప్పుడే. చెత్తబుట్టలో పడెయ్యడం అంతకంటే తప్పు. పంచాయతీ బండి మీద చెత్త ఏరే అమ్మాయి చేతికి తొడుగు ఉండదు. ఒక దళసరి హార్లిక్స్ ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, మీద పెద్ద అక్షరాలతో "సూదులు" అని రాసి, వేసుకున్న వెంటనే సూది కిందికి ఉండేలా అందులో పడెయ్యండి. పక్కన పెట్టిన ఆ రెండు సిరంజీలు కూడా అందులోకే. ముప్పాతిక నిండాక మూత బిగించి టేపు చుట్టి, మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు ఆసుపత్రికి పట్టుకెళ్ళి వాళ్ళకే ఇవ్వండి. వాళ్ళ దగ్గర సూదులకి వేరే డబ్బాలుంటాయి.

మీ వారి చేతులు వణికితే వణకనివ్వండి, సూది పట్టించకండి. ఆయనకి వేరే పని ఉంది. ఎనిమిది కాగానే దిళ్ళు సర్దడం, స్పిరిట్ దూది, డబ్బా అందించడం, మూడు అంకెలు పైకి లెక్కపెట్టడం. లెక్క వేరేవాళ్ళు పెడితే మన చెయ్యి మాట వింటుంది, ఇది నేను మా ఆయనతో చేసి చూసిన ముక్క.

అబ్బాయి వీడియో కాల్‌లో ఉంటానంటే వద్దనకండి. మీకు సిగ్గనిపించాల్సిన పనేం లేదు, వాడికి దూరంగా ఉండి ఏమీ చెయ్యలేకపోతున్నానన్న బాధ కొంత తీరుతుంది. కాకపోతే ఫోను మీ ముఖం వైపు పెట్టమనండి, సూది వైపు వద్దు. వాడికి ఈ విషయంలో మీ పోలికే వచ్చి ఉంటే, అక్కడ బెంగళూరులో కళ్ళు తిరిగి పడితే పట్టుకునేవాళ్ళు ఉండరు.